డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

వైద్యుడు రోగి చేతినుండి కొంచెము రక్తము తీసి పరీక్షకు పంపును. మరునాటికి ఒక కాగితము వచ్చును. దానిపై చక్కెర ఇంత, సున్నము ఇంత, భాస్వరము ఇంత అని అంకెలు వ్రాసియుండును. ఆ అంకెలను చూచి వైద్యుడు మందు నిర్ణయించును. ఎఱ్ఱని రక్తములో కంటికి కనబడని భాస్వరమును ఎట్లు లెక్కించిరను ప్రశ్న మనలో చాలమందికి తోచదు. ఆ లెక్కకు తేలికయైన త్రోవ చూపిన ఇద్దరిలో ఒకడు తెలుగువాడు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పినవాడు. అతడే ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు బిడ్డలలో ఇతడు నాలుగవవాడు. తండ్రికి ఆరోగ్యము చెడి, గడువునకు ముందే ఉద్యోగము విడువవలసివచ్చెను. ఇంట తినువారు ఎక్కువ, తెచ్చువారు తక్కువ. బాలుని రాజమహేంద్రవరములో చదువునకు ఉంచిరి గాని, వాని మనస్సు పుస్తకములపై నిలువలేదు. పదుమూడవ యేట ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. అది వైరాగ్యము కాదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మినచో విశేషముగా ధనము వచ్చునని తలచెను. పెద్దలు వెదకి పట్టి తెచ్చిరి. తల్లి మందలించి మరల బడికి పంపెను.

బడికి పోయినను ఫలము కనబడలేదు. మెట్రిక్యులేషనులో ఒకమారు తప్పెను, రెండవమారును తప్పెను. ఇంతలో తండ్రి మరణించెను. అట్టి స్థితిలో వేరొక తల్లియైనచో చదువు చాలించి ఏదేని కొలువు చూచుకొమ్మనియుండును. వెంకమ్మ తన నగలను ధనముగా మార్చి కొడుకును మద్రాసునకు పంపెను. తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చదివి మూడవమారు సుబ్బారావు పరీక్షయందు కృతార్థుడయ్యెను. ఆ నగల వెల ఎంతయో మనకు తెలియదు. ఆ తరువాత జరిగినది చూచినచో అంతకంటె లాభమైన బేరము మఱియొకటి ఉండదనిపించును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయనకు రామకృష్ణ మఠముతో పరిచయము కలిగెను. సన్యసింపవలెనని కోరిక పుట్టెను. తల్లి అందులకు అంగీకరింపలేదు. తల్లి అనుమతి లేనిదే మఠము వారును చేర్చుకొనలేదు. జనులకు సేవ చేయవలెనన్న కోరికకు వైద్యవిద్య మఱియొక ద్వారముగా కనబడగా మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. అవి గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట వినవచ్చుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాశాలకు సయితము ఖద్దరు దుస్తులు ధరించి పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కంటగింపయ్యెను. పరీక్షలు చక్కగా వ్రాసినను, చివరకు ఆయన చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే. ఆ కారణమున మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో పెద్ద కొలువునకు త్రోవ మూసికొనిపోయెను.

అంతకంటె గాఢమైన గాయము ఇంటిలోనే తగిలెను. ఆయన సోదరులిద్దరు స్వల్పకాలపు తేడాలో స్ప్రూ అను గ్రహణివ్యాధి వలన మరణించిరి. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనజాలవు. నాలుక పుండగును, విరేచనములు కట్టవు, రక్తము పలుచబడి దేహము పాలిపోవును. రోగి అన్నము ముందు పెట్టుకొనియే ఆకలితో క్షీణించును. కొంతకాలమునకు సుబ్బారావునకును అదే వ్యాధి సోకెను. ఇంగ్లీషు వైద్యమున గుణము కనబడలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత ఆయన కోలుకొనెను. లక్ష్మీపతిగారి కోరికపై మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించెను. ఒక మందు తనను బ్రతికించినది. కాని ఆ మందులోని ఏ పదార్థము బ్రతికించినదో, సోదరుల దేహములలో ఏ పదార్థము కొఱవడినదో చెప్పగలవారు ఆనాడు లేరు. ఈ ప్రశ్న ఆయనను జీవితమంతయు విడువలేదు.

దానికి సమాధానము వెదకుటకు తగిన ప్రయోగశాలలు ఈ దేశమున ఆనాడు బహు అరుదు. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమయ్యెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు ధనసహాయము చేయగా అమెరికాకు ప్రయాణమయ్యెను. మూడేండ్లలో తిరిగి వచ్చెదనని భార్యతో చెప్పి పోయెనందురు. 1922 అక్టోబరు నెల చివర బోస్టను నగరమున దిగెను. ఆ తరువాత ఆయన మరల మాతృదేశమును చూడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన ఉష్ణమండల వైద్యవిద్యాలయమున చేరినను, చేతిలోని సొమ్ము త్వరలోనే అయిపోయెను. వైద్యపట్టమున్నను అమెరికాలో వైద్యము చేయుటకు ఆయనకు అధికారము లేదు. అందుచేత ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదిరెను. పగలు పాఠములు, రాత్రి పాత్రలు. ఈ సంగతి ఇంటికి వ్రాసిన ఉత్తరములలో ఎక్కువగా కనబడకుండ జాగ్రత్తపడియుండునని ఊహింపవచ్చును.

ఉష్ణమండల వైద్యమున పట్టము పొందిన పిదప ఆయన హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయన శాఖకు మారెను. దానికి అధిపతి ఆటో ఫోలిన్. కొన్ని చుక్కల రక్తముతోనే అందలి పదార్థములను కొలుచు విద్యలో ఆయన ఆనాడు అగ్రగణ్యుడు. ఆ శాఖలోనే సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞుడు ఉండెను. సుబ్బారావును ఫిస్క్‌తో కలిసి పనిచేయ నియమించిరి. వారికి లభించిన పని చూచుటకు చిన్నది: రక్తమునందును మూత్రమునందును ఉన్న భాస్వరమును త్వరగా, తప్పులేకుండ కొలుచు పద్ధతి కావలెను.

ఈ చిన్న పని ఎందులకు అంత ముఖ్యమో కొంచెము ఆలోచింపుడు. మన ఎముకలలో ఎక్కువ భాగము సున్నము, భాస్వరము. పసిపిల్లలకు రికెట్స్ అను వ్యాధి వచ్చినప్పుడు ఎముకలు మెత్తనై కాళ్లు దొడ్డిగా వంగిపోవును. అప్పుడు తరచుగా రక్తములో భాస్వరము తగ్గియుండును. మూత్రపిండములు చెడినప్పుడు అది పెరుగును. ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో 100 మిల్లీలీటర్ల రక్తరసమునకు భాస్వరము సుమారు 3 మొదలు 4½ మిల్లీగ్రాములు మాత్రమే. ఒక గ్రామును వెయ్యి పాళ్లు చేసి, అందు మూడు నాలుగు పాళ్లను రక్తములోనుండి వెదకి తూచవలెను! తూచు త్రాసునకు అది అందదు. అంతకుముందున్న పద్ధతులలో రంగు నెమ్మదిగా వచ్చుచుండెను. అది నిలుకడగా ఉండుటయు కష్టమే.

సుబ్బారావు, ఫిస్క్ ఏర్పరచిన పద్ధతి ఇట్టిది. మొదట రక్తములో ఒక ఆమ్లము కలిపెదరు. మాంసకృత్తులన్నియు పెరుగువలె విరిగి అడుగునకు చేరును. వడకట్టినచో నీరువంటి తేటద్రవము వచ్చును. దానికి గంధకామ్లముతో కూడిన మాలిబ్డేటు ద్రావణము చేర్చెదరు. భాస్వరము మాలిబ్డినముతో జతకూడును. అప్పటికి రంగు లేదు. తరువాత అమైనోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లమను పదార్థపు ద్రావణమును కొంచెము కలుపగా, కొద్ది నిమిషములలో ఆ తేటద్రవము నీలివర్ణము తాల్చును. భాస్వరము ఎంత ఎక్కువయైనచో నీలిరంగు అంత చిక్కన. భాస్వరముతో కూడని మాలిబ్డేటు నీలిరంగుగా మారకుండుటయే ఈ పద్ధతిలోని నేర్పు. తగిన పదార్థమును, తగిన పాళ్లను కనుగొనుటకు వారు ఎన్ని సీసాలు ఖాళీ చేసిరో!

రంగును కొలుచుటకు వర్ణమాపకము అను యంత్రము కలదు. అందు ప్రక్కప్రక్కను రెండు గాజుగిన్నెలు. ఒకదానిలో భాస్వరము ఎంత కలదో ముందే తెలిసిన నీలిద్రవము. రెండవదానిలో రోగి రక్తమునుండి వచ్చిన నీలిద్రవము. క్రిందినుండి వెలుతురు రెండింటి గుండ వచ్చి పైనున్న కటకములో ఒకే గుండ్రని వృత్తముగా కనబడును. వృత్తములో సగము ఒక గిన్నెది, సగము రెండవదానిది. మరను త్రిప్పి ద్రవపులోతును మార్చుచు, రెండు సగములు ఒకే వన్నెకు వచ్చువఱకు సవరింపవలెను. తెలిసిన ద్రవము లోతు 20 మిల్లీమీటర్లు, రోగి ద్రవము లోతు 16 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు వన్నెలు సమానమైనవనుకొనుడు. తక్కువ లోతులోనే అంత రంగు వచ్చినది గనుక రోగి ద్రవము చిక్కనైనది. 20ని 16 చేత భాగించినచో ఒకటింబావు రెట్లు. మీరు చదివిన విలోమానుపాతమే ఇది. ఈ పద్ధతి 1925లో ప్రకటింపబడెను. ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటికిని అది వ్యాపించెను. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అను పేరుతో తరతరముల విద్యార్థులు దానిని నేర్చిరి. మాలిబ్డేటుతో భాస్వరమును పట్టుట నేటికిని రక్తపరీక్షలలో వాడుకలో నున్నది.

పద్ధతి సిద్ధమైన పిదప వారు దానిని కండరములపై ప్రయోగించిరి. అప్పుడొక విచిత్రము జరిగెను. రక్తమునుండి తీసిన ద్రవము కొద్ది నిమిషములలో పూర్తిగా నీలిరంగు తాల్చుచుండెను. కండరమునుండి తీసిన ద్రవము అట్లు చేయలేదు. మొదట కొంచెము రంగు వచ్చెను. తరువాత నెమ్మది నెమ్మదిగా పెరుగుచు చాలసేపటికి గాని నిలువలేదు. తొందరపాటువాడైనచో పద్ధతిలో లోపమున్నదనుకొనును, లేక గిన్నె సరిగా కడుగలేదని సేవకుని కోపపడును. వీరు ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. కండరములోని భాస్వరము అంతయు విడిగా లేదు. మఱియొక పదార్థముతో ముడివడియున్నది. ఆమ్లము తగిలినకొలది ఆ ముడి వీడుచున్నది. వీడినంత మేరకు రంగు వచ్చుచున్నది. ఇది వారి ఊహ. ఊహను ఊహగా విడువక ఆ పదార్థమును విడదీసి చూచిరి. అది క్రియాటిన్, భాస్వరామ్లము కలిసిన ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని లోకమునకు తెలియజేసిరి. ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఇట్టి పదార్థపు జాడను కనుగొనిరి.

ఈ పదార్థము పనియేమి? కండరమునకు పని కల్పించి అలసినదాకా ఉంచినచో ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోయెను. విశ్రాంతి ఇచ్చినచో మరల పెరిగెను. కండరము పనిచేయుటకు కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లము పుట్టుటవలననే వచ్చునని అంతవఱకు శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. ఆ నమ్మకమునకు ఆధారమైన పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానముకూడ లభించియుండెను. ఆ చిత్రమును మార్చివ్రాయుటకు ఈ నీలిరంగు ఆలస్యము ఒక కారణమయ్యెను. 1929లో వారు కండరమునుండి మఱియొక పదార్థమును వేరుచేసిరి. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, ఎ.టి.పి. అను పేరుతో మీరు పై తరగతులలో చదువుదురు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున విడిగా దానిని కనుగొనెను. చీమ నడచుటకును, మనము కనురెప్ప వేయుటకును, గుండె కొట్టుకొనుటకును ఖర్చగు నాణెమువంటిది ఈ ఎ.టి.పి.

1930లో సుబ్బారావునకు హార్వర్డు డాక్టరు పట్టము నిచ్చెను. అయినను స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. పరిశోధనల కీర్తిలో ఆయనకు రావలసిన పాలు రాలేదని ఆ కాలమును పరిశీలించినవారు వ్రాసిరి. ఆయన చేసిన పనిలో కొంత ప్రకటింపబడకయే ఉండిపోయి, తరువాత ఇతరులు మరల కనుగొనవలసివచ్చెను. ఇందులో ఎవరి తప్పెంతయో నేడు తూచుట కష్టము. ఒక్కటి మాత్రము సత్యము: ఆయన తన పేరుకొరకు పోరాడలేదు. అది గొప్ప గుణమని కొందరందురు. కాని అట్లు ఊరకుండుటవలన లోకమునకును కొంత నష్టమే కలిగినది.

ఈ లోపల ఆయన మనస్సు పాత ప్రశ్నవైపు మరలెను. కార్జము తినిపించినచో కొన్ని విధముల పాండురోగములు నయమగుచున్నవని 1920 ప్రాంతమునుండి వైద్యులు తెలిసికొనిరి. బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించెను. కార్జమునందును ఈస్టునందును ఉన్న ఆ గుణకారియైన పదార్థము ఏది? సుబ్బారావు సోదరులను చంపిన వ్యాధిలోను రక్తము ఇట్లే పలుచబడును గదా! 1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలో లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. కొలదికాలమునకే పరిశోధనలకు అధిపతియయ్యెను.

అచ్చట ఆయనకు కావలసినంత బలగము లభించెను. అయినను పని సులభము కాదు. కార్జములో ఆ పదార్థము ఉన్నది లేశమాత్రము. అది ఏ పాలులో చేరినదో ఎట్లు తెలియును? ప్రతిసారియు రోగిపై పరీక్షించుటకు వీలులేదు. ఇచ్చటను ఒక కొలత కావలసివచ్చెను. లాక్టోబాసిల్లస్ కేసై అను సూక్ష్మజీవి కలదు; ఆ పదార్థము లేనిదే అది పెరుగదు. కావున కార్జపు సారమును పాళ్లుగా విడదీసి, ఒక్కొక్కదానిని సూక్ష్మజీవులున్న గొట్టములో వేసి చూచెదరు. ఏ గొట్టము మజ్జిగ తేటవలె మబ్బుగా మారునో అందు ఆ పదార్థము ఉన్నట్లు. ఎంత మబ్బైనచో అంత ఎక్కువ. నీలిరంగునకు బదులు సూక్ష్మజీవుల పెరుగుదలయే త్రాసైనది.

ఈ విధముగా ఫోలిక్ ఆమ్లమును శుద్ధముగా పట్టి, దాని నిర్మాణమును గ్రహించి, 1945లో సుబ్బారావు బృందమువారు దానిని కృత్రిమముగా తయారుచేసిరి. ఆకుకూరలలోను ఇది సమృద్ధిగా ఉండును. టామ్ స్పైస్ అను అమెరికా వైద్యుడు క్యూబా ద్వీపమున స్ప్రూ రోగులకు దీనినిచ్చి చూచెను. పుండైన నాలుకలు మానెను, ఆకలి కలిగెను, క్రొత్త రక్తకణములు పుట్టెను. సోదరులు పోయి పాతికేండ్లు దాటినవి. ఆ వార్త వినిన దినమున సుబ్బారావు ఏమని తలచెనో ఎవరును వ్రాసిపెట్టలేదు.

రక్తకణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలసినచో, హద్దు మీరి పెరుగు కణములను ఆపుటకు దాని శత్రువును తయారుచేయరాదా? బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యునకు ఈ ఆలోచన కలిగెను. అక్కడ ల్యూకీమియా అను రక్తపు కాన్సరుతో పిల్లలు వచ్చుచుండిరి. కొన్ని వారములలో మరణించుచుండిరి. మందు లేదు. సుబ్బారావు ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లపు రూపమును కొంచెము మార్చి అమైనోప్టెరిన్ అను పదార్థమును చేసి ఫార్బరునకు పంపిరి. కణము దానిని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి స్వీకరించును. తాళములో ఇమిడి తిరుగని చెవివలె అది పనిని నిలిపివేయును. 1948లో ఫార్బరు ఫలితములను ప్రకటించెను. మందు తీసికొనిన 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కనబడెను. లేవలేని పిల్లలు లేచి ఆడుకొనిరి. ఆ మేలు కొన్ని నెలలు మాత్రమే నిలిచెను. వ్యాధి మరల తిరుగబడెను. అయినను మందుతో రక్తపు కాన్సరును వెనుకకు త్రోయవచ్చునని మొదటిసారిగా స్పష్టమయ్యెను. అమైనోప్టెరిన్‌కు తమ్ముడువంటిది మెథోట్రెక్సేట్. అదియు ఆ ప్రయోగశాలలోనిదే.

ఆ సంవత్సరములలోనే బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాన్ అను మందు 1947లో ఆ ప్రయోగశాలనుండి వెలువడెను. బోదకాలు ఎట్టిదో కృష్ణా గోదావరి డెల్టాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మన్నులోని ఒక సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ 1948 జూలైలో వైద్యలోకమునకు పరిచయమయ్యెను. పలు జాతుల సూక్ష్మజీవులను ఒక్కటిగా అణచు మందు అది.

ఆ మరుసటి నెలలో, 1948 ఆగస్టున, సుబ్బారావు రాత్రి నిద్రించి తెల్లవారి లేవలేదు. గుండె ఆగిపోయినది. వయస్సు 53. భారతదేశము స్వతంత్రమై ఏడాది నిండుటకు కొలదిదినములు తక్కువ. చట్టము అనుమతించిన పిదపకూడ ఆయన అమెరికా పౌరసత్వమును పూర్తిగా స్వీకరింపలేదు, భారతీయుడుగానే మరణించెను. మూడేండ్లని చెప్పి పోయిన భర్తకొరకు ఇరువదియైదేండ్లకు మించి ఎదురుచూచిన శేషగిరి ఇచ్చటనే ఉండిపోయెను. ఆయన జీవితమును కీర్తించు మనము ఈ సంగతిని దాటిపోరాదు. ఆయన పనిచేసిన ప్రయోగశాలకు చెందిన శాస్త్రజ్ఞుడొకడు ఒక జాతి బూజునకు సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టెను. 1995లో, శతజయంతి సందర్భమున, భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను.

మెథోట్రెక్సేట్ చరిత్ర మాత్రము అక్కడ ఆగలేదు. ఫార్బరు పనిచేసిన ఆ ఆసుపత్రిలోనే తరువాతి కాలమున జూడా ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడుండెను. కాన్సరు గడ్డ తన ఆహారమునకై చుట్టునున్న రక్తనాళములనుండి క్రొత్త కొమ్మలను తనవైపు రప్పించుకొనుననియు, ఆ కొమ్మలు రాకున్నచో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పెరుగజాలదనియు ఆయన 1971లో ప్రకటించెను. చాలమంది నమ్మలేదు. నమ్మించుటకు చూపవలెను, చూపుటకు, సుబ్బారావు కాలమునందువలెనే, ముందు పద్ధతి కావలెను.

ఒక పద్ధతి కోడిగ్రుడ్డు. పొదుగుచున్న గ్రుడ్డు పెంకులో చిన్న కిటికీ కోసి చూచినచో, పిల్లకు ఊపిరినిచ్చు పలుచని పొరపై రక్తనాళములు వేళ్లవలె ప్రాకి కనబడును. ఆ పొరపై గడ్డముక్కను ఉంచినచో కొన్ని దినములలో నాళములు బండిచక్రపు ఆకులవలె దానివైపు తిరుగును. కాని ఆ పొరలో ముందే నాళములు ఉన్నవి. ఏది పాతది, ఏది క్రొత్తది? అందుచేత కుందేలు కంటిని ఎంచుకొనిరి. కంటి ముందుభాగమున నున్న కార్నియా అద్దమువలె తేటగా ఉండును; అందు రక్తనాళములు లేవు. దానిలో సన్నని సంచివలె కోసి పరీక్షింపదలచిన పదార్థమును అమర్చినచో, అంచునుండి లోనికి వచ్చు ప్రతి నాళమును క్రొత్తదే. దినదినము సూక్ష్మదర్శినితో దాని పొడవును కొలువవచ్చును. మూడవది, నాళముల లోపొర కణములను గాజుపాత్రలో పెంచి లెక్కించుట. సన్నని కేశనాళికల కణములను చాలకాలము ఇట్లు పెంచుట 1979లో సాధ్యమయ్యెను.

మెథోట్రెక్సేటును తక్కువ మోతాదులో కీళ్లవాతమునకు వాడుటకు అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతించెను. వాచిన కీలు లోపొరలో క్రొత్త రక్తనాళములు దట్టముగా మొలచియుండును. ఈ మందు వానిని ఆపునా అని కొందరు శాస్త్రజ్ఞులు పై పద్ధతులతో పరిశీలించి 1989లో ఫలితము ప్రకటించిరి. పాత్రలో నాళకణములు పెరుగుట తగ్గెను. కుందేలు కార్నియాలోనికి వచ్చు నాళములును తగ్గెను. కీళ్లవాతమున ఆ మందు పనిచేయుటకు ఇదియొక్కటే కారణమని చెప్పుటకు లేదు. ఇతర కారణములను కూడ తరువాత కనుగొనిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ సిద్ధపరచిన అత్యవసర ఔషధముల పట్టికలో మెథోట్రెక్సేటును, ఫోలిక్ ఆమ్లమును, హెట్రజాన్ అనబడిన డైఇథైల్ కార్బమజిన్‌ను కలవు. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేట్ తీసికొను రోగులకు వైద్యులు దానితోపాటు ఫోలిక్ ఆమ్లపు బిళ్లను కూడ వ్రాసియిత్తురు.